ఉత్తుత్తి ఇంటర్వ్యూల హాస్య కార్యక్రమం: విజయవాడ, గుంటూరుల్లో తీసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీకైనా, యూట్యూబుకైనా ఉత్తుత్తి యాంకర్‌ని కూర్చోబెట్టి, సంగతి తెలియని గెస్టుతో ఇంటర్వ్యూ తీయాలనుకునే చిన్న బృందాల కోసం రాసిన పేజీ ఇది. నలుగురైదుగురు మనుషులు, రెండు కెమెరాలు, ఒక గది ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకున్నాం.

దీనికీ ప్రాంక్ వీడియోకీ తేడా ఏమిటి?

ప్రాంకులో కెమెరా దాక్కుంటుంది. ఇక్కడ కెమెరా ఎదురుగానే ఉంటుంది. కాలర్ మైకు పెట్టించుకుని, జుట్టు సర్దుకుని, ఇంటర్వ్యూ ఇస్తున్నానని తెలిసే గెస్టు కూర్చుంటారు. ఎదుటనున్న యాంకర్ ఒక వేషమన్న సంగతి మాత్రం వారికి తెలియదు.

ఈ తేడా వల్ల పని పద్ధతే మారిపోతుంది. ప్రాంకులో నవ్వు పుట్టేది మనిషి ఉలికిపాటులోంచి. 1948లో అమెరికన్ టీవీలో అలెన్ ఫంట్ మొదలుపెట్టిన 'క్యాండిడ్ కెమెరా' నుంచి మన రోడ్ల మీద తీసే వీడియోల దాకా అన్నీ ఆ దారివే. ఉత్తుత్తి ఇంటర్వ్యూలో నవ్వు మాటలోంచి పుడుతుంది. అందుకే ఇక్కడ కెమెరామన్ కంటే ప్రశ్నలు రాసేవారు ముఖ్యం.

మనవాళ్ళకి ఇలాంటిది కొత్త కదా, ఎక్కుతుందా?

కొత్తేమీ కాదు. కూచిపూడి మన కృష్ణా జిల్లాలోనే ఉంది. అక్కడి భాగవతులతో పాటు కోస్తా ఊళ్ళన్నీ తిరిగిన పగటి వేషగాళ్ళు చేసింది అచ్చం ఇదే. ఒకరోజు సోమయాజులు, ఇంకోరోజు ఎరుకలసాని, మరోరోజు అర్ధనారీశ్వరుడు. తెరా రంగస్థలమూ లేకుండా, పట్టపగలు, ఇంటి గుమ్మం ముందుకే వచ్చి మాట కలిపేవాళ్ళు. ఊరంతా అయ్యాక, ఆఖర్న వేషం విప్పి అసలు మనుషులుగా వచ్చి సంభావన తీసుకునేవాళ్ళు. ఆ ఆఖరి ఘట్టం గుర్తుపెట్టుకోండి. వేషం కట్టినవాడే వేషం విప్పి ఎదురుగా నిలబడాలి. ఈ పేజీలో మేము చెప్పే పద్ధతికి మూలం అదే.

బయట ఎవరెవరు ఎలా చేశారు? మేము ఎవరి దారి పట్టాలి?

నాలుగు దారులున్నాయి.

మొదటిది బ్రిటిష్ హాస్యకారుడు క్రిస్ మోరిస్ దారి. 1997లో బ్రిటన్‌లో చానల్ 4లో వచ్చిన 'బ్రాస్ ఐ'లో 'కేక్' అనే లేని మత్తుమందుని కల్పించి, పేరున్నవాళ్ళ చేత దానికి వ్యతిరేకంగా గంభీరంగా మాట్లాడించారు. డేవిడ్ అమెస్ అనే ఎంపీ ఏకంగా పార్లమెంటులో ఆ మందు గురించి ప్రశ్న వేశారు. తనకి తెలియని విషయం మీద కూడా కెమెరా కనబడితే మాట్లాడేసే పెద్దల అలవాటుని అంత సూటిగా చూపించిన కార్యక్రమం మరొకటి లేదు. కానీ అబద్ధం స్టూడియో దాటి బయటికి వెళ్ళిపోయింది. చిన్న బృందం మోయగల బరువు కాదది.

రెండోది బ్రిటిష్ హాస్యనటుడు సాషా బారన్ కోహెన్ దారి. 2000లో మొదలైన 'డా అలీ జీ షో'లో ఏమీ తెలియని కుర్రాడి వేషం. దౌత్యవేత్త బూత్రోస్ ఘాలీ, భాషావేత్త నోమ్ చామ్‌స్కీ లాంటివాళ్ళు కూర్చున్నారు. అదే వేషానికి ఇంటర్వ్యూ ఇచ్చిన బ్రిటిష్ నాయకుడు టోనీ బెన్ అయితే అది నిజమైన కుర్రాడేననుకుని ఒక్కో వాదనకీ ఓపిగ్గా, గట్టిగా జవాబిచ్చి ప్రేక్షకుల గౌరవం సంపాదించుకున్నారు. ఈ రకం ఇంటర్వ్యూ గెస్టుని పెంచగలదు కూడా అనడానికి ఆ సంభాషణే సాక్ష్యం.

మూడోది అమెరికన్ హాస్యనటుడు స్టీఫెన్ కోల్బేర్ 2005 నుంచి 2014 దాకా నడిపిన పద్ధతి. స్టూడియోకి వచ్చిన గెస్టుకి ముందే చెప్పేవారు: నేను వేసే పాత్ర మూర్ఖుడు, వాడికి మీరు నిజం చెప్పి బుద్ధి తెప్పించండి అని.

నాలుగోది బ్రిటిష్ నటి డయాన్ మోర్గన్ వేసే ఫిలోమినా కంక్ అనే ఏమీ తెలియని యాంకర్ వేషం. 2022లో వచ్చిన 'కంక్ ఆన్ ఎర్త్'లో నిజమైన ప్రొఫెసర్లు కనిపిస్తారు. అది హాస్యమని వాళ్ళకి తెలుసు, ఏ ప్రశ్న వస్తుందో మాత్రం తెలియదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మా సలహా ఇదే. మొదటి ఐదారు ఎపిసోడ్లు కంక్ పద్ధతిలో తీయండి. ప్రశ్నలు రాయడం, నవ్వకుండా కూర్చోవడం చేతికొచ్చాక అసలు తెలియని గెస్టుల జోలికి వెళ్ళండి.

గెస్టుగా ఎవరిని పిలవచ్చు, ఎవరిని పిలవకూడదు?

కెమెరా ముందు మాట్లాడటం అలవాటున్నవాళ్ళనీ, తమ మాట పదిమందీ వినాలని కోరుకునేవాళ్ళనీ పిలవండి. రిటైర్డ్ ఇంజినీర్లు, లెక్చరర్లు, లాయర్లు, నాయకులు, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు, 'గెట్టి లాభం గ్యారంటీ' అని ప్రకటనలిచ్చే వెంచర్లవాళ్ళు. ఇందులో మొదటి ముగ్గురితో తీసేటప్పుడు నవ్వు యాంకర్ అజ్ఞానం మీద పడాలి. చివరివాళ్ళ విషయంలో వాళ్ళు చెప్పుకునే గొప్పల మీద పడొచ్చు.

బీసెంట్ రోడ్డులో తోపుబండి వేసుకున్నాయన, మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ, బస్టాండులో ఊరికెళ్ళే ముసలమ్మ, ఆసుపత్రి ముందు కూర్చున్నవాళ్ళు, ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలు, వీళ్ళు గెస్టులు కారు. గంట బేరం పోతే వాళ్ళకి నష్టం. పైగా మైకు పట్టుకున్నవాడికి 'వద్దు' అని చెప్పే ధైర్యం అందరికీ ఉండదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళయితే అసలే వద్దు. కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు సంతకానికి విలువే లేదు.

ఫోన్ చేసి పిలిచేటప్పుడు ఏం చెప్పాలి?

ప్రతి వాక్యమూ నిజమై ఉండాలి, కాకపోతే అన్నీ చెప్పక్కర్లేదు. ఇలా అయితే చాలు: "నమస్కారమండీ. మామూలు ప్రేక్షకుల కోసం ఒక కార్యక్రమం తీస్తున్నాం. ప్రకాశం బ్యారేజీ గురించి మీరు మాట్లాడాలి. యాంకర్ కొత్తవాళ్ళు, సబ్జెక్టు తెలియదు, మరీ మొదటి మెట్టు ప్రశ్నలు అడుగుతారు, ఏమనుకోకండి. గంటన్నర పడుతుంది. రానూపోనూ కారు మేమే పంపుతాం."

ఇందులో అబద్ధం లేదు. "ఇది కామెడీయా అండీ?" అని వారే సూటిగా అడిగితే "అవునండీ" అనేయండి. ఆ గెస్టుతో కంక్ పద్ధతిలో తీసుకోండి, ఇంటర్వ్యూ ఏమీ పాడైపోదు. ఉన్న చానల్ పేరు చెప్పడం, అవార్డు ఇస్తామనడం, ఉద్యోగమో డబ్బో ఆశ చూపడం, ఈ మూడూ ఎప్పుడూ చేయొద్దు.

మంచి ప్రశ్న ఎలా రాయాలి?

సగం నిజం, సగం పొరపాటు. నిజమైన సగం గెస్టుని కుర్చీలో కూర్చోబెడుతుంది, పొరపాటు సగం ఆయన చేత మాట్లాడిస్తుంది. ఉదాహరణకి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. అంతవరకూ నిజం. ఇక చూడండి:

"సార్, బ్యారేజీకి 70 గేట్లున్నాయి కదండీ. వాచ్‌మన్ అన్నిటికీ తాళాలేసి ఇంటికెళ్ళేసరికి ఎంతవుతుందండీ?"

"తాళాలుండవమ్మా. అవి నీళ్ళని ఆపే గేట్లు. పైకి ఎత్తుతారు, దించుతారు."

"ఎత్తినప్పుడు ఎవరైనా దూరిపోతే?"

"ఎవరు దూరతారమ్మా, నీళ్ళే దూరతాయి."

"మరి నీళ్ళని అడిగే వదులుతారా?"

ఈ మూడో ప్రశ్న దగ్గర గెస్టు రెండు సెకన్లు ఆగుతారు. ఆ ఆగడమే ఎపిసోడుకి ప్రాణం. తర్వాత ఆయన కాలవల కింద ఆయకట్టు గురించీ, ఎవరి వాటా ఎంతన్న దాని గురించీ నిజంగా చెప్పడం మొదలుపెడతారు. ఎందుకంటే ఆ పిచ్చి ప్రశ్నకి అసలైన జవాబు ఉంది. జవాబే లేని ప్రశ్న వేస్తే గెస్టు నవ్వేసి ఊరుకుంటారు, సంభాషణ అక్కడితో చస్తుంది.

ఉండవల్లి గుహలు నాలుగంతస్తులు కాబట్టి "లిఫ్టు కోసం వదిలిన చోటేదండీ?" అని చరిత్ర లెక్చరర్ని అడగొచ్చు. కొండని తొలిచి కట్టడమంటే ఏమిటో ఆయన విడమరిచి చెబుతారు. గుంటూరు వ్యాపారిని "ఘాటు కూడా కాటా మీదే తూస్తారా, దానికి వేరే కాటానా?" అనొచ్చు. ఘాటుని రంగు, వాసన, రకం చూసి ఎలా పోలుస్తారో చెబుతారు.

కులం, మతం, రూపం, యాస, చావు, జబ్బు మీద ప్రశ్న రాయొద్దు. గెస్టు ఇంగ్లీషు తప్పుల మీద అసలే వద్దు. అలాంటి నవ్వు అప్పటికప్పుడు తేలిగ్గా దొరుకుతుంది కానీ, ఆ ఎపిసోడ్ చూశాక మీ దగ్గరికి రెండో గెస్టు రారు.

ఇంటర్వ్యూ ఎంతసేపు? ప్రశ్నల వరస ఏమిటి?

ఐదారు నిమిషాల ఎపిసోడుకి 60 నుంచి 90 నిమిషాలు తీయాలి. మొదటి 15 నిమిషాలు ఒక్క వంకర ప్రశ్న కూడా వద్దు. చదువు, ఉద్యోగం, అనుభవం అడగండి. గెస్టు భుజాలు దిగి, కుర్చీలో వెనక్కి వాలాక మొదటిది వేయండి. ఆ తర్వాత ఒక వంకర ప్రశ్నకి రెండు మామూలువి. చివరి 20 నిమిషాల్లో వరసగా వేసుకోవచ్చు.

ఎక్కువమంది చేసే తప్పు తొందర. గెస్టు జవాబు పూర్తయ్యాక మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఖాళీని నింపడానికి వారే ఇంకో మాట చెబుతారు, చాలాసార్లు మంచి మాట అక్కడే ఉంటుంది.

ప్రశ్నలు ఫోనులో చూసి చదవొద్దు. కాగితాల ఫైలు పెట్టుకోండి. ఫైలు చూసేవాణ్ణి గెస్టు పాపం కొత్తవాడనుకుంటారు, ఫోను చూసేవాణ్ణి లెక్కలేనివాడనుకుంటారు.

యాంకర్‌కి నవ్వొచ్చేస్తుంది. ఏం చేయాలి?

గెస్టు కళ్ళలోకి కాకుండా కనుబొమల మధ్య చూడాలి. నాలుకని అంగిలికి నొక్కిపెట్టాలి. అప్పటికీ ఆగకపోతే తలొంచి ఫైల్లో ఏదో రాసుకోవాలి. రాయడం మామూలు పని కాబట్టి అనుమానం రాదు. అసలు చిక్కు యాంకర్‌తో కాదు, గదిలో ఉన్న మిగతావాళ్ళతో వస్తుంది. కెమెరా వెనక ఒక్కరు కిసుక్కుమంటే గెస్టుకి విషయం తెలిసిపోతుంది. ఇద్దరు కెమెరామన్లు తప్ప ఎవరూ లోపల ఉండకూడదు. ప్రొడ్యూసర్ పక్కగదిలో హెడ్‌ఫోన్‌తో వింటే చాలు.

వేషం అతిగా ఉండకూడదు. విగ్గు, గళ్ళ కోటు వేస్తే రెండో నిమిషంలోనే దొరికిపోతారు. ఇస్త్రీ చొక్కా, ఒక సైజు వదులుగా ఉంటే మంచిది. యాంకర్ గెస్టుని 'మీరు', 'అండీ' తప్ప మరోలా పిలవకూడదు. మర్యాద తగ్గినకొద్దీ పాత్ర మీద జాలి పోతుంది, ఆ జాలి వల్లే గెస్టు ఓపిగ్గా జవాబు చెబుతారు.

కెమెరా, శబ్దం సంగతి?

రెండు కెమెరాలూ ఆపకుండా నడవాలి, ఒకటి గెస్టు మీద, ఒకటి యాంకర్ మీద. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే ట్యూబులైటు కింద బొమ్మలో చారలు పాకుతాయి. సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన 64 జీబీ కార్డు సుమారు 85 నిమిషాలకే నిండిపోతుంది. అంటే సరిగ్గా అసలు ప్రశ్నల సమయానికి. 128 జీబీ వేసుకోండి.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. పట్టుచీర, గంజి పెట్టిన ఖద్దరు చొక్కా కదిలినప్పుడల్లా గరగరమంటాయి, మైకు కింద చిన్న టేపు ముక్క మడిచి అతికించండి. శబ్దం గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచి, రెండో రికార్డర్ కూడా నడపండి.

గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు పక్క గదుల్లో పదింటి తర్వాత హారన్ల మోత ఆగదు. పొద్దున ఏడు, తొమ్మిది మధ్య తీయండి, లేదా వీధికి వెనకవైపు గది చూసుకోండి. సీలింగు ఫ్యాను తప్పనిసరిగా ఆపాలి. మేలో ఫ్యాను ఆపితే పది నిమిషాల్లో గెస్టుకి చెమటలు పడతాయి, ఆ చిరాకు జవాబుల్లోకి వచ్చేస్తుంది. ఏసీ గది లేకపోతే ఎండాకాలం మానుకోండి. ఫోన్లతో తీసేవాళ్ళకి ఇంకో బెడద, వేడెక్కి మధ్యలో ఆగిపోతాయి.

గుంటూరు మిర్చి యార్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తినప్పుడు గాలిలోనే ఘాటుంటుంది. కొత్త మనిషి రెండు నిమిషాలు కూడా దగ్గకుండా మాట్లాడలేడు. వ్యాపారికి అలవాటే కాబట్టి ఆయన బాగానే ఉంటారు, దగ్గేది మన యాంకరే. అక్కడ పైపైన నాలుగు షాట్లు తీసుకుని, ఇంటర్వ్యూ కమిషన్ కొట్టు లోపల పెట్టుకోండి. మైకు మీది స్పాంజిలో మిర్చి పొడి చేరుతుంది. తీసి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టకుండా ఇంకొకరి కాలరుకి పెట్టొద్దు.

ఎక్కడ తీయాలంటే ఎవరి అనుమతి కావాలి?

ప్రైవేటు గదికి యజమాని ఒప్పుకుంటే చాలు. నెహ్రూ బస్ స్టేషన్‌కి ఆర్టీసీవాళ్ళది, రైల్వే స్టేషన్‌కి రైల్వేవాళ్ళది, ఉండవల్లి గుహలకి కేంద్ర పురావస్తు శాఖది రాతపూర్వక అనుమతి కావాలి. గుడి ప్రాంగణాల్లో ఈ పని పెట్టుకోకండి. రోడ్డు మీద తీస్తే స్థానిక స్టేషన్లో ముందురోజే కాగితం ఇచ్చి, ముద్ర వేయించిన కాపీ జేబులో ఉంచుకోండి.

గుట్టు ఎప్పుడు విప్పాలి? సంతకం ఎప్పుడు తీసుకోవాలి?

రెండు సంతకాలు కావాలి. ఒకటి ముందు: ఇంటర్వ్యూ ఇస్తున్నాను, రికార్డు చేసుకోవచ్చు అని. రెండోది గుట్టు విప్పాక: ఇది హాస్య కార్యక్రమమని, యాంకర్ వేషమని తెలిసింది, ప్రసారానికి ఒప్పుకుంటున్నాను అని. మనకి పనికొచ్చేది రెండోదే. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షన్ ప్రకారం, మోసం వల్లో తప్పుడు సమాచారం వల్లో ఇచ్చిన సమ్మతిని ఆ మనిషి రద్దు చేసుకోవచ్చు.

అమెరికాలో రాయ్ మూర్ అనే నాయకుడు ఇందాక చెప్పిన సాషా బారన్ కోహెన్ 2018లో చేసిన 'హూ ఈజ్ అమెరికా?' మీద 9.5 కోట్ల డాలర్లకి దావా వేస్తే, ముందు పెట్టిన సంతకం చూపించే 2021లో కోర్టు కొట్టేసింది, 2022లో పైకోర్టూ సమర్థించింది. అక్కడ నిలిచిందని ఇక్కడ కూడా ముందు సంతకం మీదే ఆధారపడొద్దు.

విప్పే పద్ధతి ఇదీ. ఆఖరి ప్రశ్న అయిన రెండు మూడు నిమిషాల్లోపు, గెస్టు కుర్చీ దిగకముందే, కెమెరాలు నడుస్తుండగానే చెప్పాలి. చెప్పాల్సింది యాంకరే, ప్రొడ్యూసర్ కాదు. లేచి నిలబడి, సొంత గొంతుతో, అసలు పేరు చెప్పి, "ఇందాకటిదాకా వేసింది వేషమండీ. మీరు చెప్పిన జవాబులే మాకు ముఖ్యం" అనాలి. తర్వాత ఒకటి రెండు ముక్కలు అక్కడే తెర మీద చూపించాలి. తమ జవాబులు బాగున్నాయని చూసుకున్నాక చాలామంది వారే నవ్వుతారు. కాగితం తెలుగులో, ఒక్క పేజీలో, చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. చదవడానికి పది నిమిషాలు వదిలేయండి, నెత్తిన నిలబడొద్దు.

గెస్టుకి కోపమొస్తే?

వాదించొద్దు. "సరదాకే కదండీ" అనే మాట అస్సలు అనొద్దు, కోపం రెట్టింపవుతుంది. మంచినీళ్ళిచ్చి, తప్పయిందని చెప్పి, తీసేయమంటే రెండు కార్డులూ, రెండో రికార్డరూ వారి ఎదుటే చెరిపేయండి. ముఖం మసకేసి వాడుకుందామనుకోవద్దు. గొంతు, చేతి ఉంగరం, కుర్చీ వెనక కనబడే ఫొటో చాలు, విజయవాడలో పోల్చుకునేవాళ్ళు పోల్చేస్తారు.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నాలుగు చోట్లు చూసుకోండి. ప్రభుత్వోద్యోగినని చెప్పుకోవడం 204, మోసపుచ్చే ఉద్దేశంతో వారి దుస్తులో గుర్తులో ధరించడం 205, మరొకరిగా నటించి మోసగించడం 319, పరువునష్టం 356. అందుచేత ఖాకీ చొక్కా, 'ప్రెస్' స్టిక్కరు, ఉన్న చానల్ లోగోని పోలిన లోగో పెట్టిన మైకు, ఏదీ వద్దు. లోగో సొంతంగా గీయించుకోండి, ఆ పేరు ఎవరిదీ కాదని ట్రేడ్‌మార్కు రిజిస్టరులో వెతికి చూసుకోండి. కేబుల్ టీవీలో వేసేటట్టయితే 1994 నాటి నియమాల్లోని ఆరో నియమం, అంటే ప్రోగ్రామ్ కోడ్, కూడా వర్తిస్తుంది. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో నాయకులతో తీయొద్దు. మొదటి ఎపిసోడ్ వేసేముందు ఒక లాయరుకి చూపించండి.

ఎడిటింగులో ఏం చేయకూడదు?

ఒక ప్రశ్నకి చెప్పిన జవాబుని ఇంకో ప్రశ్న కింద అతికించకూడదు. గెస్టు ముఖకవళిక ఏ ప్రశ్నకి పుట్టిందో ఆ ప్రశ్న పక్కనే ఉండాలి. కుదించొచ్చు, వరస మార్చొచ్చు, అర్థం మార్చకూడదు. ఈ కట్టుబాటు తప్పితే అది హాస్యం కాదు, దొంగ వార్త. పరువునష్టం కేసులో నిలబడదు కూడా.

ప్రతి పంచికీ 'టింగ్' అని శబ్దం, వెనక నవ్వుల మోత పెట్టే అలవాటు మానండి. గెస్టు ఆగిన ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం కోసమే ఇంత కష్టపడ్డాం. దాని మీద శబ్దం పోయొద్దు.

'ఇది హాస్య కార్యక్రమం' అన్న అక్షరాలు తెర మూల మొదటినుంచి చివరిదాకా ఉండాలి. గుట్టు విప్పిన ఘట్టం చివర్లో వస్తుంది, వాట్సాప్‌లో తిరిగేది మధ్యలో 30 సెకన్ల ముక్క. అది నిజం వార్తలా పాకిపోతే మాట పడేది గెస్టు.

మొత్తం ఫుటేజీ మూడేళ్ళు దాచండి. పరువునష్టానికి సివిల్ దావా వేయడానికి గడువు ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకి మూడేళ్ళు.

సంతకం పెట్టి వెళ్ళిన గెస్టు రెండు రోజుల తర్వాత వద్దంటే?

మానేయండి. ఏడు రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చని కాగితంలోనే ఒక వాక్యం రాయండి, ఆ ఏడు రోజులూ ప్రోమో కూడా వదలొద్దు. ఎనిమిదో రోజు ఎడిట్ అయిన ఎపిసోడ్ వారికి పంపి, ఫోన్ చేసి, ఇంట్లోవాళ్ళతో కలిసి చూడమనండి. అభ్యంతరం సాధారణంగా పూర్తి ఎపిసోడ్ మీద ఉండదు, ఒక్క మాట మీదో ఒక షాట్ మీదో ఉంటుంది. అది తీసేస్తే సరిపోతుంది. ప్రసారమయ్యాక తీయమని అడిగితే అసలు వీడియోతో పాటు షార్ట్స్, థంబ్‌నెయిల్, ప్రోమో, ఇన్‌స్టా ముక్కలు అన్నీ తీయాలి. ఏది ఎక్కడ పెట్టారో మొదటిరోజు నుంచే ఒక నోటుబుక్కులో రాసుకోకపోతే ఏదో ఒకటి మిగిలిపోతుంది.